పక్క సీటు

ఇంజను ట్యూనింగుకు డైనో మిషను మంచిదా, రోడ్డు మంచిదా అని కాశీబుగ్గలో రెండేళ్లుగా తగువు నడుస్తోంది. టీ కొట్టు దగ్గర ఇదే గొడవ, టైర్ల షాపు దగ్గర ఇదే గొడవ. జీడిపప్పు ఫ్యాక్టరీల వాళ్ల పిల్లలు డైనో అంటారు, ట్యాక్సీ డ్రైవర్లు మూకుమ్మడిగా రోడ్డంటారు. పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారైనా కారు బానెట్టు ఎత్తి చూడనివాళ్లు అందరికన్నా గట్టిగా అరుస్తారు. మగవాళ్ల తగువులో ఆడదాన్ని అడిగేవాడెవడు? అడక్కపోయినా చెబుతాను. ఇన్నాళ్లూ నోరు మూసుకుని నేను బాగుపడింది లేదు.

నా పేరు కృష్ణవేణి. హైవే ఎక్కే రోడ్డు పక్కన రేకుల షెడ్డు మాది. మా ఆయన సన్యాసి. పలాస నుంచి కంచిలి దాకా బండి ఉన్న ప్రతివాడికీ ఆయన పేరు తెలుసు. పేరు కన్నా ముందు ఆయన చెవి తెలుసు. సన్యాసి చెవి పెట్టాడంటే ఇంజను కడుపులో ఉన్నదంతా కక్కాల్సిందే అంటారు. విశాఖపట్నం నుంచి, బరంపురం నుంచి కూడా ఆ చెవి కోసం కార్లు వేసుకుని వచ్చేవాళ్లు.

ఆ చెవి నాది.

ఇంజను ట్యూనింగు అంటే తెలియనివాళ్లకు ముందు ఆ సంగతి చెప్పాలి. పెట్రోలు ఎంత పడాలి, స్పార్కు ఎప్పుడు పడాలి, ఇంతే దాని కథ. స్పార్కు కాస్త ముందుకు జరిపితే బండికి బలం వస్తుంది. ఇంకాస్త జరిపితే ఇంకాస్త వస్తుంది. ఆశకు పోయి మరీ ముందుకు జరిపితే లోపల పెట్రోలు వేళ కాని వేళ పేలి పిస్టన్ నెత్తిన మొడుతుంది. దాన్ని నాకింగు అంటారు. బట్టీలో జీడిగింజలు వేగేటప్పుడు టిక్కు టిక్కుమని చిట్లుతాయి చూడండి, అలా సన్నగా వినపడుతుంది. విన్న మరుక్షణం యాక్సిలరేటర్ మీద కాలు తీసెయ్యాలి. తియ్యకపోతే ఇంజను కాటికి పోతుంది. ట్యూనింగు చేసేవాడి పనితనమంతా ఆ చప్పుడుకు దగ్గరగా వెళ్లి, దానికి ఒక అడుగు ఇవతల ఆగడంలో ఉంది.

రోడ్డు మీద ఈ పని ఒక్కడి వల్ల కాదు. ఒకరు బండి నడపాలి. పక్క సీట్లో ఇంకొకరు ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని అంకెలు చూడాలి, మార్చాలి. నడిపేది మా ఆయన. పక్క సీటు నాది.

అబద్ధం చెప్పను, ఒకప్పుడు ఆ చెవి ఆయనదే. మా పెళ్లయిన కొత్తలో అంబాసిడర్ ట్యాక్సీలకు కార్బొరేటర్ సరిచేసేవాడు. తల ఒక పక్కకు వాల్చి, కళ్లు మూసుకుని, స్క్రూ ఇసుమంత తిప్పేవాడు. అప్పటిదాకా దగ్గుతున్న ఇంజను బుద్ధిగా ఊపిరి పీల్చుకునేది. నేను అన్నం క్యారేజీ పట్టుకెళ్లి, అది ఇవ్వడం మరిచిపోయి చూస్తూ నిలబడేదాన్ని. ఆ మనిషంటే నాకు అప్పుడు ఎంత ఇష్టమో చెప్పలేను.

పన్నెండేళ్ల కిందట వానాకాలంలో ఒక సాయంత్రం వాకిట్లో కూర్చుని, "ఈ ఏడు కీసురాళ్లు అరవడం నేదేటే?" అన్నాడు. చుట్టూ కీచురాళ్లు చెవులు చిల్లులు పడేలా అరుస్తున్నాయి.

శ్రీకాకుళంలో డాక్టరు పరీక్ష చేసి, బొంగురు చప్పుళ్లు వినపడతాయి, మాటలు కూడా చాలావరకు అందుతాయి, సన్నని చప్పుళ్లు మాత్రం పోయాయి, ఇక రావు అన్నాడు. ఏళ్ల తరబడి సైలెన్సర్ల దగ్గర, గాలి కంప్రెసర్ దగ్గర నిలబడితే ఇంతేనట. చెవికి మిషను పెట్టుకోమన్నాడు. చెవిలో మిషను ఉన్న మెకానిక్కు దగ్గరికి బండి ఎవడు తెస్తాడని మా ఆయన లేచి వచ్చేశాడు. తిరుగు బస్సులో కిటికీ వైపు మొహం తిప్పుకుని ఏడ్చాడు. టెక్కలి దాటాక నా చెయ్యి తన నెత్తి మీద పెట్టుకుని, ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకున్నాడు. వేశాను. ఆ రోజు ప్రాణం అడిగినా ఇచ్చేదాన్నే.

నా చెవి సంగతి మా పుట్టింటివాళ్లకు తెలుసు. వజ్రపుకొత్తూరు దగ్గర సముద్రపు ఒడ్డున పుట్టినదాన్ని. మంచు కురిసే పొద్దుల్లో పడవలు కనపడవు. మోటారు మోత విని వచ్చేది ఎవరి పడవో, ఎవరి మోటారుకు జబ్బు చేసిందో ఒడ్డు నుంచే చెప్పేదాన్ని. మా అమ్మ నన్ను ముందు నిలబెట్టి, నేను చెప్పాకే చేపల బుట్ట ఎత్తుకునేది. ఇంటర్ దాకా చదివాను గనక ల్యాప్‌టాప్‌లో అంకెలు కూడా నాకు బరువు కాలేదు. ఇంకెవడిని పక్కన కూర్చోబెట్టుకున్నా గుట్టు రట్టవుతుందని మా ఆయన నన్నే కూర్చోబెట్టుకున్నాడు.

కారు యజమాని వెనక సీట్లో ఉంటాడు. అతని ముందు టిక్కు వినపడిందని చెప్పకూడదు. అందుకని ఒక ఉపాయం పెట్టుకున్నాం. వినపడగానే నేను కుడిచేత్తో మా ఆయన మోకాలు గట్టిగా నొక్కుతాను. ఆయన కాలు తీసేసి, తనే విన్నట్టు తల ఆడిస్తాడు. మొదటిసారి వెనకనుంచి ఒకాయన భయమేసిందా అమ్మా అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే మా ఆయన, దానికి స్పీడంటే భయమండీ, అయినా వస్తానంటుంది అన్నాడు. ఆ మాట మాకు బాగా అక్కరకొచ్చింది. పన్నెండేళ్లు అదే మాట. పూండిలో పెళ్లికెళితే బస్సెక్కేటప్పుడు ఆడవాళ్లు నాకు లోపలి సీటు ఇచ్చి కళ్లు మూసుకోమన్నారు. నౌపడ ఉప్పుమడుల పక్క రోడ్డు మీద నూట నలభైలో అంకెలు మార్చినదాన్ని, నలభైలో పోయే బస్సులో కళ్లు మూసుకుని కూర్చున్నాను.

మొదట్లో నేను వినడం వరకే. పోను పోను స్పార్కు ఎంత జరపాలో, పెట్రోలు ఎంత తగ్గించాలో కూడా నేనే చూసుకునేదాన్ని. ఆయన నడిపేవాడు, దిగాక కారు యజమానికి వివరించేవాడు. సొమ్మొకడిది సోకొకడిది అంటారే, అది మా షెడ్డు బోర్డు మీద రాయించవచ్చు. దానికి కూడా నాకు బాధ లేదు. ఇంట్లోనైనా ఒక్కసారి, నువ్వు లేకపోతే నేను లేనే అంటాడని చూశాను. ఆయన కూడా క్రమంగా ఆ చెవి తనదేనని నమ్మేశాడు.

అప్పుడు జగదీష్ వచ్చాడు. మా ఆడపడుచు కొడుకు. పుణేలో కార్ల కంపెనీలో ఏడేళ్లు పనిచేసి, టెక్కలి దగ్గర హైవే మీద షెడ్డు వేసి డైనో పెట్టాడు. కారు చక్రాలను రోలర్ల మీద ఎక్కిస్తారు. నాలుగు వైపులా బెల్టులతో బిగించి కట్టేస్తారు. ఎదురుగా నిలువెత్తు ఫ్యాను. లోపల కాలు తొక్కితే చక్రాలు రోలర్లను తిప్పుతాయి, కారు మాత్రం అంగుళం కదలదు. ఎన్ని గుర్రాల బలం వచ్చిందో కంప్యూటర్ గీత గీసి చూపిస్తుంది. మమ్మల్నిద్దరినీ పిలిచి అంతా వివరంగా చెప్పాడు. మా ఆయన చుట్టూ తిరిగి చూసి, "కట్టీసిన ఎద్దుకి నడకేటి తెలుత్తాదిరా?" అన్నాడు. కట్టేస్తేనే కదా నాడి చూడగలం మామా అని జగదీష్ నవ్వాడు. ఆ కుర్రాడికి పొగరు లేదు. మిషను మీద ముప్పాతిక పని చేసి, మిగతాది రోడ్డు మీద సరిచూసుకోవాలన్నది అతని లెక్క. నా లెక్కా అదే.

ఎందుకంటే రోడ్డు మీద ఇంజను ఒక చోట నిలవదు. మూడో గేరులో లాగితే పట్టుమని పది సెకన్లు. ఆలోపే గాలి హోరు, లారీల హారన్లు, గతుకులు, మేకలు. అందులో ఆ టిక్కు ఏరుకోవాలి. డైనో అయితే ఏ వేగంలో కావాలంటే ఆ వేగంలో, బరువు మోపి, ఎంతసేపైనా నిలబెడుతుంది. అయితే ఫ్యాను గాలి రోడ్డు గాలి కాదు. కట్టేసిన బండి తొందరగా వేడెక్కుతుంది. అక్కడ సరిపోయింది, నలుగురు మనుషులతో రైలు వంతెన ఎక్కేటప్పుడు సరిపోతుందని నమ్మకం లేదు. దేని గుణం దానిది. రెండు చోట్లా వినేవాళ్లు ఒకళ్లు ఉండాలి, అది ఒక్కటే ముఖ్యం.

ఆ రోజు జగదీష్ ఇంజనుకు బిగించిన మైకు వైరు చూపించి, హెడ్‌ఫోన్లు నా చెవులకు పెట్టాడు. గాలి లేదు, హారన్లు లేవు. ఒక్కో పిస్టన్ విడివిడిగా వినపడింది. ఇన్నేళ్లూ సంతలో నిలబడి విన్నదాన్ని, మొదటిసారి ఇంట్లో కూర్చుని విన్నట్టయింది. సంతోషంతో కళ్లలో నీళ్లు తిరిగాయి. అక్కడ కూర్చుని పని చెయ్యాలని నాకు ఆశ పుట్టింది. ఆ ఆశే కొంప ముంచింది.

పోయినేడు బైపాస్ మీద కారు పల్టీ కొట్టి ఇద్దరు పోయాక పోలీసులు స్పీడు కార్లను ఆపడం మొదలుపెట్టారు. ఉప్పుమడుల రోడ్డు మీద స్పీడు బ్రేకర్లు వేశారు. రోడ్డు ట్యూనింగుకు రోడ్డే లేకుండా పోయింది. అప్పుడే పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ ఉన్నాయన కొడుకు లోకనాథ్ కొత్త టర్బో కారు కొన్నాడు. జగదీష్ మిషను, సన్యాసి చెవి, రెండూ ఒకచోట చేరితే తన కారును మించింది జిల్లాలో ఉండదని అతని ముచ్చట. జగదీష్ కూడా మా ఆయన్ని, ఇది బాగా జరిగితే వారానికి మూడు రోజులు వచ్చి పెద్ద ట్యూనరుగా చెయ్యమని అడిగాడు. మా ఆయన సరేనన్నాడు.

కారును డైనో ఎక్కించే ముందు రోజు పొద్దున్న చద్దన్నం పెట్టి ఎదురుగా కూర్చున్నాను.

"మావా, రేపు నా సెయ్యి నీ మోకాలి మీద పడితే అందరికీ తెలిసిపోద్ది. కదలని బండిలో భయమంటే ఎవుడూ నమ్మడు. నువ్వే ముందు సెప్పీ. సెయ్యి నాది, సెవి దీనిది అని ఒక్క ముక్క సెప్పు. సాలు నాకు."

ఆయన ఎండుచేప ముల్లు తీసి కంచం అంచున పెట్టాడు.

"సూద్దాం," అన్నాడు.

ఆ మాటకే నేను పొంగిపోయాను. మర్నాడు బీరువాలోంచి మంచి చీర తీసి కట్టుకున్నాను. బయల్దేరే ముందు షెడ్డులో లోకనాథ్ కారుకు ల్యాప్‌టాప్ తగిలించి, నాకింగు సెన్సారు నొక్కిపెట్టాను. కారులో ఆ సెన్సారు ఒకటుంటుంది, చప్పుడు వస్తే తనే స్పార్కు వెనక్కి లాగుతుంది. గతుకు తగిలినా ఉలిక్కిపడి పని చెడగొడుతుందని ట్యూనింగు చేసినంతసేపూ మేము దాన్ని నిద్రపుచ్చుతాం. నేను వింటున్నప్పుడు ఇంకొకరి కాపలా ఎందుకు? ఆ రోజు కూడా వినేది నేనేనని నిద్రపుచ్చాను.

టెక్కలిలో లోకనాథ్ స్నేహితులు పదిమంది దాకా ఫోన్లు పట్టుకుని తయారుగా ఉన్నారు. కారును రోలర్ల మీద ఎక్కించి బెల్టులు బిగించారు. ఆ గదికి పెద్ద అద్దపు గోడ, చూసేవాళ్లందరూ ఇవతల నిలబడాలి. జగదీష్ హెడ్‌ఫోన్లు మా ఆయనకు ఇవ్వబోతే, ఈ డొప్పలు నాకెందుకురా, అమ్మ కడుపులోంచి తెచ్చుకున్న చెవులున్నాయి అన్నాడు. కుర్రాళ్లు ఈలలు వేశారు. అప్పుడు జగదీష్ నా వైపు తిరిగి, పక్క సీట్లో కూర్చుంటావా అత్తా, రోజూ కూర్చునేదానివే కదా అన్నాడు. పాపం, మంచి మనసుతోనే అడిగాడు. నేను రెండడుగులు వేశాను కూడా.

"దానికేటి పని?" అన్నాడు మా ఆయన. "రోడ్డు మీదయితే భయపడ్డానికి వత్తాది. ఇక్కడ బండి కదల్దు. భయపడ్డానికి కూడా ఏటీ నేదు."

అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. నేను కట్టుకున్న చీర మీద నాకే అసహ్యం వేసింది. వెనక్కి వచ్చి అద్దం ఇవతల నిలబడ్డాను. బల్ల మీద హెడ్‌ఫోన్లు ఊరికే పడి ఉన్నాయి. తీసి పెట్టుకున్నాను. ఎవరూ వద్దనలేదు, సరదా పడుతోందనుకున్నారు.

మొదటిసారి లాగినప్పుడు శుభ్రంగా వెళ్లింది. గీత పైకి లేచింది, చప్పట్లు కొట్టారు. మా ఆయన ల్యాప్‌టాప్ తన ఒళ్లో పెట్టుకుని ఒంటి వేలితో అంకెలు వెతుక్కుంటూ స్పార్కు ముందుకు జరిపాడు. రెండోసారి లాగినప్పుడు చివరలో రెండు టిక్కులు వచ్చాయి. నాకు స్పష్టంగా వినపడ్డాయి. అప్పుడు చెప్పి ఉండొచ్చు. జగదీష్ నాకు రెండడుగుల దూరంలో కంప్యూటర్ ముందున్నాడు. నేను చెప్పలేదు. కోపంతో ఊరుకున్నాను. తెలిసిరానీ అనుకున్నాను. ఆ పాపం నాది, ఎవరి మీదా తొయ్యను.

లోపల మా ఆయన మళ్లీ స్పార్కు ముందుకు జరిపాడు. గీత ఇంకా పైకి లేవాలని కుర్రాళ్లు అరుస్తున్నారు. మూడోసారి లాగినప్పుడు సగంలోనే మొదలైంది. బట్టీ మొత్తం ఒక్కసారి చిట్లినట్టు. నేను అద్దం దగ్గరికి పరుగెత్తి రెండు చేతులతో బాదాను. వెనక ఎవడో, అక్కకి ఇక్కడ కూడా భయమేరా అన్నాడు. మా ఆయన తల తిప్పాడు. నన్ను చూశాడు. పన్నెండేళ్లు పక్కన కూర్చున్న మనిషి నేను. నా మొహం అలా ఎప్పుడవుతుందో, ఎందుకవుతుందో ప్రపంచంలో ఆయన ఒక్కడికే తెలుసు. చూసి, మొహం ముందుకు తిప్పుకున్నాడు. కాలు తియ్యలేదు.

ధన్‌మని ఒక చప్పుడు వచ్చింది. అది ఆయనకు కూడా వినపడే ఉంటుంది. బానెట్టు కిందనుంచి తెల్లగా పొగ లేచింది. రోలర్ల మీద నల్లగా నూనె కారింది. జగదీష్ కరెంటు ఆపడానికి పరుగెత్తాడు. లోకనాథ్ చేతిలో ఫోను అలాగే తీస్తూ ఉంది.

ఆడలేక మద్దెల ఓడు అంటారు. మా ఆయన కారు దిగి, మొహం తుడుచుకుని, ఫ్యాను గాలి చాల్లేదన్నాడు. కట్టేసిన బండి ఊపిరాడక చచ్చిందన్నాడు. రోడ్డు మీదైతే తన చెవికి తెలిసేదన్నాడు. ఆ మాటా, ఆ పొగా కలిపి తీసిన వీడియో సాయంత్రానికి శ్రీకాకుళం దాటింది. లోకనాథ్ వాళ్ల నాన్న జగదీష్ షెడ్డు మీదికి మనుషులతో వెళ్లాడు. రావాల్సిన కార్లు రావడం మానేశాయి. ఏ తప్పూ చెయ్యని కుర్రాడు తలెత్తుకోలేకపోయాడు.

ఇంట్లో మా ఆయన తిన్నాడు, పడుకున్నాడు. మూడో రోజు నేనే అడిగాను, నన్ను చూశావు కదా అని.

"అద్దం మీద లైట్లు మెరిత్తన్నాయి. కనబళ్ళేదు," అన్నాడు.

ఊరికి చెప్పిన అబద్ధంలో నాకూ వాటా ఉంది. ఈ అబద్ధం మాత్రం అచ్చంగా నాకోసం చెప్పాడు. చెవులు పోయిన మనిషితో కాపురం చేశాను, ఇప్పుడు కళ్లు కూడా పోయాయని చెప్పే మనిషితో చెయ్యాలి.

వారం తరవాత జగదీష్ ల్యాప్‌టాప్ పట్టుకుని ఇంటికొచ్చాడు. మైకులో రికార్డయిన చప్పుడు తెచ్చాడు. మామా, ఇక్కడ ఏం వినపడుతోందో చెప్పు అని పెట్టాడు. ఇంజను మోత అన్నాడు మా ఆయన. మళ్లీ పెట్టాడు. మళ్లీ అదే జవాబు. చెవిటివాడి ముందు శంఖం ఊదడం అంటే ఏమిటో ఆ రోజు కళ్లారా చూశాను. ఆ టిక్కులు గడపలో కూర్చుని ఎండురొయ్యలు ఏరుతున్న నాకు వినపడుతున్నాయి, నా వేళ్లు వాటంతట అవే ఆగిపోతున్నాయి. జగదీష్ అది గమనించాడు.

"అత్తా, ఆ రోజు అద్దం ఏల బాదావు?"

మా ఆయన నా వైపు చూశాడు. బస్సులో వేసిన ఒట్టు ఆ చూపులో ఉంది. నేను చేట పక్కన పెట్టాను.

"నాకు ఇనబడింది కాబట్టి బాదాను. మీ మావకి పన్నెండేళ్ల నుంచి ఇనబడదు. ఆయన సేసినాయన్నీ నేను సేసినాయే."

మా ఆయన లేచి చొక్కా వేసుకుని బయటికి పోయాడు. నాకు మాత్రం ఒళ్లు తేలికైంది. జగదీష్‌ను రెండే అడిగాను. నేను చెప్పింది చెప్పినట్టు నలుగురిలో చెప్పమన్నాను. ఆ హెడ్‌ఫోన్ల దగ్గర నన్ను కూర్చోబెట్టుకోమన్నాను. అతను ల్యాప్‌టాప్ మూత మీద వేలితో గీతలు గీశాడు.

"మావకి సెవుడని సెప్తే నమ్ముతారత్తా, నా మిసను పేరు నిలబడతాది. నువ్వు సేసావంటే నవ్వుతారు. దాంతో మొదటి మాట కూడా ఎగిరిపోద్ది. పని సంగతి తరవాత సూద్దాం."

మగవాళ్ల సూద్దాం ఎలా ఉంటుందో నేను అప్పటికే ఒకసారి చూసి ఉన్నాను. కాదని ఏడవలేదు, అవునని నమ్మనూ లేదు.

అన్నట్టే జగదీష్ సగం నిజం చెప్పాడు. సన్యాసికి చెవుడు అన్న మాట రెండు రోజుల్లో పాకిపోయింది. ఒక వారం షెడ్డుకు ఎవరూ రాలేదు. మా ఆయన షట్టరు సగం దించి లోపల కూర్చునేవాడు. తప్పు చేశానా అని నేను కూడా రెండు పూటలు అన్నం మానేశాను. కానీ జనాన్ని ఎవడు కనిపెట్టగలడు? టీ కొట్టు దగ్గర ఒక ట్యాక్సీ డ్రైవరు, చెవులు లేకుండా పన్నెండేళ్లు ఇన్ని బళ్లు చేశాడంటే వాడు మనిషా, దేవుడా అన్నాడట. ఇంకొకడు, అరికాలితో వింటాడన్నాడు. స్టీరింగు మీద అరచేత్తో వింటాడని మరొకడు. రోడ్డు మీదైతే నేలలోంచి కాలికి తెలుస్తుంది, రోలర్ల మీద నేల ఎక్కడిది, అందుకే ఆ రోజు ఇంజను పోయిందని అందరూ కలిసి తేల్చేశారు. తప్పు డైనో మీదే మిగిలింది. మా ఆయన పేరు మాత్రం పదింతలైంది.

విశాఖపట్నం నుంచి ఒకతను వీడియో తియ్యడానికి వచ్చాడు. మా ఆయన్ని బానెట్టు మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకోమన్నాడు. సిగ్గుపడి కాదంటాడేమోనని చూశాను. ఆనించి మూసుకున్నాడు. అతను కెమెరాలోంచి చూస్తూ, అక్కా, మీరు కొంచెం పక్కకు జరగండి, నీడ పడుతోంది అన్నాడు. జరిగాను.

పోయిన గురువారం పొద్దున్నే లోకనాథ్ వచ్చాడు. కారుకు కొత్త ఇంజను వేయించాడు. ఈసారి మిషనూ గిషనూ వద్దు, పోలీసులు రోడ్డెక్కకముందే అరికాలితో విని చెయ్యమని మా ఆయన కాళ్లకు దండం పెట్టాడు. మా ఆయన తనే సెన్సారు నొక్కిపెట్టాడు. తనే ఒంటి వేలితో అంకెలు వేశాడు. ఇంజను వేడెక్కేదాకా బయట నిలబడి, రావే, ఎండెక్కిపోతుంది అని నన్ను పిలిచాడు.

నేను షట్టరు దగ్గరే నిలబడ్డాను. లోకనాథ్‌కు కూడా వినపడేలా చెప్పాను.

"నా సెవి కావాలని అడుగు. ఎక్కుతాను."

ఆయనకు వినపడలేదని కాదు. పెదవుల కదలిక కూడా ఆయనకు బాగా తెలుసు. షెడ్డు తాళాలు చేతిలో అటూ ఇటూ తిప్పాడు. ఒక్క ముక్క చాలు, లోకనాథ్ తప్ప అక్కడ ఇంకెవరూ లేరు. ఆ ఒక్కడి ముందు చెప్పినా నేను ఎక్కి కూర్చునేదాన్ని. పన్నెండేళ్లూ మరిచిపోయేదాన్ని, ఆ అద్దం కూడా మరిచిపోయేదాన్ని. లోకనాథ్ మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తున్నాడు.

దానికి ఒంట్లో బాగోలేదు బాబూ, పద అన్నాడు మా ఆయన.

లోకనాథ్ సంబరంగా నా సీట్లో కూర్చుని ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకున్నాడు. వద్దురా బాబూ అందామని నోటిదాకా వచ్చింది. చెబితే ఏమంటాడో తెలుసు, భయపడకక్కా అంటాడు. ఆ కుర్రాడి మీద జాలేసింది. ఆ కొత్త ఇంజను మీద ఇంకా జాలేసింది. మా ఆయన మీద వెయ్యలేదు.

కారు మలుపు తిరిగి హైవే ఎక్కే రోడ్డు పట్టింది. రెండో గేరు, మూడో గేరు. అక్కడ ఆయన కాలు పూర్తిగా తొక్కాడు. అంత దూరం నుంచి ఇంకెవరికీ వినపడేది కాదు. నేను షట్టరుకు చేరగిలబడి, ఆ టిక్కు మొదలైన దగ్గర్నుంచి ఇంజను ఆగిపోయేదాకా విన్నాను.